ఫిట్టరు ఉద్యోగానికి కథ కావలెను

పనిచేసే చేతులకు ఉద్యోగాలివ్వడం మానేయాలి! నోళ్లకే ఇవ్వాలి. ఇన్నాళ్లూ మనం వెనకబడి ఉండటానికి కారణం ఏమిటనుకున్నారు? ఫిట్టరును పిలిచి నట్టు బిగించమనడమే. ఎంత మోటు పద్ధతి! చేతులకు మసి, నేలకు నూనె. అదే కథ చెప్పమంటే? బల్ల మీద గుడ్డ కూడా మాయదు.

ఈ సత్యాన్ని మాచర్ల దగ్గరి ఒక సిమెంటు ఫ్యాక్టరీ కనిపెట్టింది. ఫిట్టరు పోస్టు ఒకటి ఖాళీ అయింది. బొంబాయిలో ట్రైనింగయి వచ్చిన ఆఫీసరు ఇంటర్వ్యూకు ఒకటే ప్రశ్న పెట్టాడు: "నీకెదురైన ఒక కష్టం చెప్పు." జవాబు నాలుగు గిన్నెల క్యారియరులా ఉండాలి. పరిస్థితి ఒక గిన్నె, బాధ్యత ఒక గిన్నె, నేనేం చేశాను ఒకటి, ఫలితం ఒకటి. నరసరావుపేటలో పాండురంగారావు మాస్టారు ఆ వారమే టైపు ఇన్‌స్టిట్యూటు మేడ మీద కోచింగు తెరిచాడు. జన్మలో స్పానరు పట్టనివాళ్లు ముప్పైమంది చేరారు. ఇంతకంటే ప్రగతి ఏం కావాలండీ?

ఉస్మాన్ చేరలేదు. పిడుగురాళ్లలో పద్నాలుగేళ్లుగా సున్నపురాయి లారీల కింద వెల్లకిలా పడుకుని బతికినవాడికి, నిలబడి కథ చెప్పడం ఎక్కడొస్తుంది? రోడ్డు వెడల్పు చేస్తామంటూ అతని షెడ్డుకు నోటీసు అంటించారు. నెలాఖరుకు ఖాళీ. ఈ ఉద్యోగం రాకపోతే పెళ్లాంబిడ్డలతో హైదరాబాదు పోయి, ఎవడి షెడ్డులోనో మళ్లీ మొదటి నుంచి మొదలెట్టాలి.

"ఆడన్నా నీ పేరు నువ్వు చెప్పుకో" అంది కుల్సుం, మొగుడు బస్సెక్కే ముందు.

ఆమె భయం ఊరికే రాలేదు. పిడుగురాళ్ల షెడ్లలో ఒక పాడలవాటుంది. ఎంత పెద్ద ఇంజను లేపినా "నేను చేశా" అనరు. "ఉస్తాద్ చెయ్యి" అంటారు. నేర్పినవాడు ఉన్నా, పోయినా అంతే. చూశారా, ఎంత అనాగరికమో!

"నీకెదురైన కష్టం చెప్పు" అన్నాడు ఆఫీసరు.

"పోయిన ఎండాకాలం బెల్లంకొండ కాడ లోడు లారీ గేరుబాక్సు పట్టేసింది సార్. రోడ్డు మీదే దించి బాగుచేశాం."

"చేశాం కాదు. ఎవరు చేశారు?"

"మా ఉస్తాద్ ఇమాం సాహెబ్ చెయ్యి సార్."

"అయితే ఆయన్నే రమ్మను. ఎక్కడుంటాడు?"

"పోయి ఆరేళ్లయింది సార్."

ఆఫీసరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఆరేళ్ల కింద పోయినాయన పోయిన ఎండాకాలం గేరుబాక్సు దించాడా?"

"ఆయన చెయ్యే కద సార్" అంటూ ఉస్మాన్ తన రెండు చేతులూ చూపించాడు.

చేతులు చూడటం కొత్త పద్ధతిలో లేదు. ఆఫీసరు మూడో గిన్నెలో రాసుకున్నాడు: స్వయంగా ఏమీ చేయలేదు.

ఉస్మాన్ వరండాలోకి వచ్చాడో లేదో కరెంటు పోయింది. వరండా పక్కనున్న జనరేటరు రెండుసార్లు దగ్గి ఊరుకుంది. రోహిణి ఎండ! లోపల ఇంటర్వ్యూ బోర్డు ఫైళ్లతో విసురుకుంటోంది. అటెండరు హ్యాండిలు తిప్పీ తిప్పీ, ఎవరినైనా పిలుచుకొస్తానని పోయాడు. ఆగిన ఇంజను పక్కనుంచి నడిచిపోవడం ఉస్మాన్‌కు చేతకాదు. ఒంగాడు.

తరవాతి క్యాండిడేటు నరసింహం, కోచింగులో ఫస్టు, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని దగ్గరికొచ్చాడు.

"ఏంది భాయ్ దాని రోగం?"

"డీజిల్ పైపులో గాలి జొరబడింది అన్నా. ఈ స్క్రూ వదులు చేసి పంపు కొడితే గాలంతా పోద్ది."

"కాస్త అవతలికి తిరిగి కొట్టు. చొక్కా కొత్తది."

నురగ పోయి డీజిల్ తేటగా వచ్చాక ఉస్మాన్ స్క్రూ బిగించాడు. జనరేటరు అందుకుంది. అటెండరు పరిగెత్తుకొచ్చాడు.

"ఎవురయ్యా బాగుచేసింది?"

"ఉస్తాద్ చెయ్యి" అన్నాడు ఉస్మాన్, కుళాయి కింద చేతులు కడుక్కుంటూ.

అటెండరు అటూ ఇటూ చూశాడు. ఉస్తాద్‌లా కనపడినవాడు ఇస్త్రీ చొక్కా నరసింహం ఒక్కడే. "దయచేయండి సార్, తమరి వంతే" అని లోపలికి తీసుకుపోయాడు. నరసింహం కాదనలేదు. కాదనమని కోచింగులో చెప్పలేదుగా!

కిటికీ తెరిచే ఉంది. కుళాయి దగ్గరికి ప్రతి ముక్కా వినపడుతోంది.

"పరిస్థితి, ఇప్పుడే తమరి జనరేటరు ఆగిపోయింది సార్. బాధ్యత, ఎవరూ ముందుకు రాకపోతే నేనే తీసుకున్నాను. నేనేం చేశాను? డీజిల్ పైపులో గాలి చేరిందని కనిపెట్టి, నేనే తీసేశాను. ఫలితం... దయచేసి తలెత్తి ఫ్యాను చూడండి సార్!"

బోర్డు తలెత్తింది. నాలుగు గిన్నెలూ పొర్లిపోయాయి!

ఉస్మాన్ తడిచేతులతో కిటికీ ఊచలు పట్టుకున్నాడు. "సార్, అది..." అన్నాడు. రావలసింది ఒక్క మాటే. పద్నాలుగేళ్లుగా వాడని ఆ "నేను" తుప్పు పట్టిన బోల్టులా బిగుసుకుపోయింది.

"ఇంకా ఇక్కడే ఉన్నావా? నీదైపోయిందిగా" అన్నాడు ఆఫీసరు.

ఇందులో అన్యాయం ఎక్కడుంది, మీరే చెప్పండి! పోటీ కథలకు, గెలిచింది కథ. నట్టూ స్పానరూ బల్ల మీద పెట్టి ఉంటే ఈ గొడవ రెండు నిమిషాల్లో తేలిపోయేది, నిజమే. మరి బల్ల మీది గుడ్డ మాయదా?

నరసింహం పేరు కింద ఆఫీసరు గీత గీశాడు. ఉస్మాన్ స్వయంగా ఏమీ చేయలేదని రాసిన కాగితం ఫ్యాను గాలికి లేచి ఎగరబోయింది. ఆఫీసరు దాని మీద పేపర్ వెయిటు పెట్టాడు.