ఇద్దరికీ వెయ్యినూటపదహారే

ఆ ఒక్క రోజు కంప్యూటరు తప్పు చేయకుండా గడిస్తే చాలని ప్రార్థన చేసుకుని మరీ రెబెకా ఆఫీసుకు వచ్చింది. అనంతపురంలో ఎండలు మండిపోతున్నాయి. యజమాని ముత్యాలప్ప నీళ్ల ట్యాంకర్లకు క్షణం తీరిక లేదు. ఫోను చేసిన ప్రతివాళ్లకూ కంప్యూటరే వరసగా ఒక నంబరు ఇస్తుంది. ఆ నంబరు చూసుకుని డ్రైవరు నీళ్లు తోలుతాడు. ఆ ప్రోగ్రాము రాసింది రెబెకా. సాయంత్రం దాకా సవ్యంగా నడిస్తే ఆమె ఉద్యోగం ఖాయం, లేదంటే నంబర్లు రాసుకోడానికి మళ్లీ ఆఫీసు పాత నల్లబోర్డూ సుద్దముక్కా. ముత్యాలప్ప ఆ సుద్దముక్కను ఇంకా జేబులోనే పెట్టుకుని తిరుగుతున్నాడు.

టిఫిను వేళకు ఆయన ఫోను మోగింది. వచ్చే నెల వియ్యంకుడు కాబోతున్న రాఘవేంద్ర.

"ఏం బావా, కొత్తింట్లో చేరతాండాము, ఇంటినిండా జనం. ట్యాంకరు యాడ?"

ముత్యాలప్ప తెరలోకి తొంగిచూశాడు. వెయ్యినూటపదహారో నంబరుకు నీళ్లు చేరినట్టు పచ్చగా కనబడుతోంది.

"నీళ్లు దించి గంటైందంట బావా! సంపులో చూసుకోపో."

"అంటే నేను అబద్ధం చెప్తాండానా?" అని రాఘవేంద్ర ఫోను పెట్టేశాడు. పెళ్లి కాకముందే వియ్యంకుణ్ణి అబద్ధాలకోరును చేసిన ఘనత ముత్యాలప్పకు దక్కింది.

రెబెకా వెంటనే అదే నంబరుకు ఇంకో ట్యాంకరు పంపింది. కాసేపటికి డ్రైవరు తిప్పేస్వామి ఫోను చేశాడు.

"పోసేసినా పాపా. సుంకన్న మళ్లీ టీ ఇచ్చినాడు."

"సుంకన్న ఎవరన్నా?"

"ఇటుకల బట్టీ సుంకన్న. పొద్దున గూడా ఈడే గదా పోసింది! నంబరు కొడితే ఈ అడ్రసే వస్తాండాది."

రెబెకా వెతికితే ఆ నంబరు మీద ఇద్దరున్నారు. సుంకన్నను తీసేద్దామని మీట నొక్కింది. నంబరు ఒకటే కదా, ఇద్దరూ మాయమయ్యారు.

ముత్యాలప్ప జేబులోంచి సుద్దముక్క తీశాడు. "చాల్లేమ్మా నీ కంప్యూటరు! సంబంధమే చెడిపోయేట్టుండాది. ఈ బోర్డు ఏపొద్దన్నా ఇద్దరికి ఒకే నంబరు ఇచ్చినాదా?"

ఏడుపు ఆపుకుంటూ రెబెకా, తీసేసినవి దాచే చోటు తెరిచింది. ఇద్దరూ భద్రంగా ఉన్నారు. సుంకన్న నంబరు కంప్యూటరు ఇచ్చిందే. రాఘవేంద్రది మాత్రం నిన్న ఎవరో చేత్తో కొట్టారు. పక్కనే ఆ కొట్టిన మనిషి పేరుంది.

"అన్నా, ఈ నంబరు మీరే పెట్టినారా?"

"పెట్టినా. వియ్యంకునికి ఇచ్చేది వెయ్యినూటపదహారు గాక, వరసలో వచ్చిందని వెయ్యీ డెబ్బైమూడు ఇస్తామా? మర్యాద ఉండొద్దా?"

"మీరిచ్చింది దానికి తెలీదన్నా. వరసగా లెక్క పెట్టుకుంటా ఈపొద్దు అది గూడా ఆడికే వచ్చినాది. సుంకన్నకు ఇచ్చేసినాది."

సుద్దముక్క మెల్లగా జేబులోకి వెళ్లిపోయింది. రెబెకాకు ఎక్కడలేని హుషారు వచ్చింది. ఇద్దర్నీ వెనక్కి తెచ్చి రాఘవేంద్రకు కొత్త నంబరు ఇచ్చింది. లెక్కను అన్నిటికంటే పెద్ద నంబరు దాటించి పెట్టింది. ఇక మీదట ఒకే నంబరు ఇద్దరికి పడకుండా కట్టడి చేసింది. చేత్తో నంబరు కొట్టే వీలు యజమానికి కూడా లేకుండా మూసేసింది. ముత్యాలప్ప స్వయంగా ట్యాంకరెక్కి, విస్తళ్లు వేసేలోపు వియ్యంకుడి సంపు నింపించి, తప్పు తనదేనని ఒప్పుకుని వచ్చాడు.

సాయంత్రం విందులో కట్టిచ్చిన తియ్యటి ఓళిగల పొట్లం తెచ్చి రెబెకా ముందు పెట్టాడు. "ఉద్యోగం నీదేనమ్మా! అన్నట్టు మా ఇంట్లో గూడా సంపు ఎండిపోయినాది. ముందు ఆడికి ఒకటి పంపు."

రెబెకాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. గంభీరంగా మీట నొక్కి తెర చూసింది. "మీ ముందర ఇంకా నలభై మంది ఉండారన్నా."

ఆ పూట ముత్యాలప్ప ఇంటిల్లిపాదీ స్నానాలు వాయిదా వేసుకున్నారు.