సారు వచ్చిన చప్పుడు

ధ్రువపత్రాల కార్యాలయం అధికారి గారు జీవితంలో మొదటిసారిగా హైబ్రిడ్ కారు కొనాలా వద్దా అన్న అంశాన్ని పరిశీలిస్తున్నారని తెలియగానే, సిబ్బంది యావన్మందీ ప్రజాప్రయోజనాల దృష్ట్యా తీవ్ర ఆందోళనకు గురయ్యారు. ప్రజాప్రయోజనాల గురించి ఆ కార్యాలయం ఆందోళన చెందడం అదే మొదలు. కాబట్టి ఈ ఉదంతాన్ని వివరంగా చెప్పుకోక తప్పదు.

ఆ అధికారిని అందరూ నిశ్శబ్దం గారు అంటారు. ఎదురుగా కాదు లెండి. ఏ గదిలో అడుగుపెట్టినా ఆయన నోటివెంట వచ్చే మొదటి మాట "నిశ్శబ్దం!" అప్పటికి గదిలో ఎవరూ మాట్లాడకపోయినా అంటారు. జనం మాట్లాడకుండా ఉండడం కూడా తమ ఆజ్ఞ ప్రకారమే జరగాలని ఆయన పట్టుదల. ఇంట్లోనూ ఇదే పద్ధతి. తాము ఉన్నచోట క్రమశిక్షణ ఉంటుందని ఆయన గట్టి నమ్మకం. ఆ నమ్మకంలో అబద్ధం ఏమీ లేదు. ఆయన ఉన్నచోట నిజంగానే ఉంటుంది.

ఇంతటి నిశ్శబ్ద ప్రియుడి కారు మాత్రం వీధి మలుపు తిరుగుతుంటేనే చుట్టుపక్కల కిటికీ అద్దాలు వణికేవి. పాత డీజిలు కారు. సైలెన్సరుకు చిల్లు. గేరు మార్చినప్పుడల్లా ముసలాయన రాత్రంతా దగ్గి దగ్గి ఊపిరి పీల్చుకున్నట్టు ఒక మోత. బాగుచేయించండి అని ఎవరైనా అంటే, "నడుస్తోందిగా!" అనేవారు.

ఆ కారు మలుపు నుంచి గేటు దాకా వచ్చే కాస్త వ్యవధిలో కార్యాలయం సాధించే ప్రగతి చూసి తీరాల్సిందే. సొరుగులోకి వెళ్ళాల్సినవి సొరుగులోకి వెళ్ళేవి, బల్లమీదికి రావాల్సినవి బల్లమీదికి వచ్చేవి. క్యాషియరు కళ్ళు తెరవకముందే కలం పట్టేవాడు. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళకు పెద్ద గుమాస్తా మొదటిరోజున ఇచ్చే శిక్షణ కూడా ఇదే. కిటికీ దగ్గర నిలబెట్టి, చెవి ఒగ్గమని, ఏది లారీయో ఏది సారో తేడా నేర్పేవాడు. అది వచ్చేసిందంటే ఉద్యోగం వచ్చేసినట్టే. మిగతా పని నిదానంగా నేర్చుకోవచ్చు, నేర్చుకోకపోయినా పెద్ద ఇబ్బంది లేదు.

ఇలా సవ్యంగా సాగిపోతున్న పరిపాలనలో మెకానిక్ చిచ్చుపెట్టాడు. బానెట్ ఎత్తి చూసి, "సార్, దీనికి రిపేరు కాదు, సెలవు కావాలి" అన్నాడు. నిశ్శబ్దం గారు షోరూముకు వెళ్ళారు. అక్కడ టై కట్టుకున్న కుర్రవాడు ఒక కారు చుట్టూ ప్రదక్షిణ చేస్తూ, "ఇందులో పెట్రోలూ ఉంటుంది సార్, బ్యాటరీ కూడా ఉంటుంది. వీధుల్లో మెల్లగా వెళ్ళేటప్పుడు బ్యాటరీ మీదే పోతుంది. చప్పుడన్నదే ఉండదు" అన్నాడు.

"నిశ్శబ్దంగా ఉంటుందన్నమాట" అన్నారు ఆయన మురిసిపోతూ.

అయినా ఆయన తొందరపడే మనిషి కాదు. నలుగురి సలహా తీసుకున్నారు. హైబ్రిడ్ కారు ఏనాడూ ఎక్కని నలుగురూ ఎంతో అనుభవంతో చెప్పారు. అందులో బ్యాటరీ వెనకసీటు కింద ఉంటుంది కనక కూర్చున్నవాళ్ళకు జుట్టు ఊడిపోతుందని బావమరిది హెచ్చరించాడు. బావమరిదికి బట్టతల. ఏ కారు వల్ల వచ్చిందో ఆయన చెప్పలేదు. రెండు ఇంజన్లుంటే రెండూ పోట్లాడుకుంటాయని పక్కింటి రిటైర్డ్ హెడ్మాస్టరు గారు తేల్చారు. ఇంత విజ్ఞానం పోగయ్యాక ఏమీ పాలుపోక, నిశ్శబ్దం గారు ఓ వారంపాటు నడిపి చూస్తానని షోరూము వాళ్ళ దగ్గర ఒక కారు పుచ్చుకున్నారు.

మర్నాడు ఆ కారు మలుపు తిరిగింది. కిటికీ అద్దాలు వణకలేదు. గేటు దాటింది. ఒక్కరూ తల ఎత్తలేదు. ఆయన మెట్లెక్కి హాల్లోకి వెళ్ళి, అలవాటు ప్రకారం నోరు తెరిచారు. ఎదురుగా కనిపించింది చూసి ఆ మాట కాస్తా గొంతులోనే ఉండిపోయింది.

టైపిస్టు గారి బల్లమీద దుప్పట్లు పరిచి ఉన్నాయి. పువ్వులవి ఒక పక్క, గీతలవి ఒక పక్క. బేరం జోరుగా సాగుతోంది. క్యాషియరు డబ్బుపెట్టె మీద తల ఆనించి, ప్రభుత్వ సొమ్మును తన శరీరం అడ్డుపెట్టి మరీ కాపాడుతున్నాడు. అధికారి గారి గది తలుపు ఓరగా తీసి ఉంది. లోపల ఆయన కుర్చీలోనే, మీటింగుల్లో బల్లమీద పరిచే పచ్చగుడ్డ మెడకు కట్టుకుని, పెద్ద గుమాస్తా క్షవరం చేయించుకుంటున్నాడు. ఆ గదిలో వెలుతురు బాగుంటుంది మరి.

గుమ్మం పక్క స్టూలు మీద కూర్చున్న అటెండరు ఫోన్లోంచి తల ఎత్తకుండానే చెయ్యి చూపించాడు. "సారు ఇంకా రాలేదండీ. బెంచీ మీద కూర్చోండి."

నిశ్శబ్దం గారు కూర్చున్నారు. ఎందుకు కూర్చున్నారయ్యా అని మీరు అడగొచ్చు. ఆ గొంతుకున్న అధికారం అలాంటిది. అది వింటే ఎవరైనా కూర్చుంటారు. బెంచీ మీద పక్కనే ఒక పెద్దావిడ ఒళ్ళో సంచీ పెట్టుకుని ఉంది.

"మొదటిసారా బాబూ?" అందావిడ జాలిగా. "అయితే విను. సారు కారు చప్పుడు వినపడగానే లేచి కాగితాలిచ్చే కిటికీ దగ్గరికి పరిగెత్తాలి. అప్పుడు కాసేపు వీళ్ళు భలే పనిచేస్తారు. ఆయన గదిలోకెళ్ళి తలుపేసుకున్నారా, ఇక అంతే సంగతులు. మా ఆయన పోయినట్టు కాగితం కోసం తిరుగుతున్నా. ఇవాళేంటో చప్పుడు ఇంకా రాలేదు."

ఆయన గొంతు సవరించుకున్నారు. "ఆ సారు... ఎలాంటి మనిషంటారు?"

"ఆయన్ని ఎవరు చూశారు నాయనా! మంచాయనే అయ్యుంటారు. కారు మాత్రం బాగా మోగుతుంది."

ఇన్నేళ్ళ సేవకు ప్రజలనుంచి నేరుగా అందిన ఆ ప్రశంసాపత్రం పుచ్చుకుని నిశ్శబ్దం గారు కాసేపు తమకోసం తామే ఎదురుచూస్తూ కూర్చున్నారు. ఆ తర్వాత లేచి, బయటికి వెళ్ళి, కారులో కూర్చుని హారన్ మీద మోచెయ్యి ఆనించారు. మళ్ళీ లోపలికి వచ్చేసరికి కార్యాలయం దేదీప్యమానంగా పనిచేస్తోంది. దుప్పట్లు లేవు. మంగలి ధ్రువపత్రం కోసం వరసలో నిలబడ్డాడు. పెద్ద గుమాస్తా లేచి నమస్కారం పెట్టాడు. అతని తలకు ఒక పక్క మాత్రమే క్షవరం అయింది. ఆ సంగతి అతనూ ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు.

"నిశ్శబ్దం!" అన్నారు నిశ్శబ్దం గారు.

ఆ సాయంత్రమే నిశ్శబ్దం గారి సమక్షంలో సిబ్బంది అత్యవసర సమావేశం జరిగింది. పెద్ద గుమాస్తా క్షవరం కాని పక్కను సభకు చూపిస్తూ ఆవేశంగా మాట్లాడాడు. "సార్! పెట్రోలు ఎంత కలిసొస్తుందన్నది మాకు ముఖ్యం కాదు. మాకు సమాజం ముఖ్యం! చప్పుడు చెయ్యకుండా వెనకనుంచి కారొస్తే వృద్ధుల గతేమిటి? పిల్లల తల్లుల గతేమిటి? పెద్దమనిషన్నవాడు నలుగురికీ తెలిసేట్టు రావాలి సార్. దొంగలా రాకూడదు!" చప్పట్లు మారుమోగాయి. వృద్ధులూ పిల్లల తల్లులూ అప్పుడు కిటికీ బయట ఎండలో నిలబడి ఉన్నారు. లోపల తమ గురించి ఇంత బాధపడుతున్నారని పాపం వాళ్ళకు తెలియదు.

దొంగలా అన్న మాట ఆయనకు ముల్లులా గుచ్చుకుంది. తలనొప్పిగా ఉందని మర్నాడు మధ్యాహ్నమే ఇంటికి బయల్దేరారు. ఆఫీసు ఎలా ఏడిస్తే ఏం, ఇల్లన్నా ఒక పద్ధతిలో ఉంది కదా అని దారి పొడుగునా తమను తాము ఓదార్చుకున్నారు. కారు చప్పుడు లేకుండా ఇంటిముందు ఆగింది.

లోపలినుంచి నవ్వులు వినిపిస్తున్నాయి. పొరుగింట్లో కాబోలు అనుకున్నారు. కిటికీ దగ్గరికి వెళ్ళి చూస్తే తమ ఇంట్లోనే. చాపమీద తల్లీ, భార్యా పేక ముక్కలు పట్టుకుని కూర్చున్నారు. కూతురు ఆయన కోటు తొడుక్కుని, కళ్ళజోడు పెట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి ఉంది.

"నిశ్శబ్దం! ఈ ఇంట్లో దోమలు నా అనుమతి లేకుండా ఎగురుతున్నాయి! ఇప్పటిదాకా కుట్టిన దోమలన్నీ వచ్చి సంజాయిషీ ఇచ్చుకోవాలి!"

"చాల్లే ఆపవే, కడుపునొప్పి వచ్చేస్తోంది" అంటోంది తల్లి కళ్ళు తుడుచుకుంటూ. "చిన్నప్పుడూ అంతే వాడు. పీటలన్నీ వరసగా వేసి వాటిని నోరుమూసుకోమనేవాడు."

భార్య తల వెనక్కి వాల్చి నవ్వుతోంది. పెళ్ళయిన కొత్తలో ఆ నవ్వు ఆయనకు బాగా తెలుసు. తర్వాత ఎక్కడికి పోయిందో ఏమో అనుకున్నారు, వయసుతో పోయి ఉంటుందిలే అనుకున్నారు. ఎక్కడికీ పోలేదు, ఇంట్లోనే ఉంది. మలుపు దగ్గర కారు చప్పుడు కాగానే లోపల దాచేసేవాళ్ళు, అంతే. నిశ్శబ్దం గారికి ఏడుపొచ్చినంత పనైంది. పెదవులు మాత్రం ఆయన అనుమతి తీసుకోకుండా కాస్త సాగాయి.

అంతలో భార్య కిటికీ వైపు చూసింది. గబగబా బయటికి వచ్చింది.

"ఎప్పుడొచ్చారు? చప్పుడే లేదు."

"బ్యాటరీ మీద వచ్చింది."

"విన్నారా?"

ఆయన కారు తాళాలు జేబులో వేసుకున్నారు.

"వింటే విన్నార్లెండి" అంది ఆవిడ, ఇంకా పూర్తిగా ఆగని నవ్వుతోనే. "రండి, మీకూ ముక్కలు వేస్తాం. అమ్మాయి ఇంకోసారి చేసి చూపిస్తుంది, ఎక్కడ తప్పుందో మీరే దిద్దుదురుగాని. ఏమండీ, ఈ కారే కొనండి. ఇలాగే చప్పుడు లేకుండా రండి. నాలుగు రోజులు మాకు కంగారుగా ఉంటుంది, తర్వాత అదే అలవాటైపోతుంది. మీరు మాత్రం ఎన్నాళ్ళని ఒంటరిగా భోంచేస్తారు?"

నిజం చెప్పొద్దూ, ఆయన చెప్పు విడవడానికి కాలు ఎత్తారు కూడా. సరిగ్గా అప్పుడే లోపలివాళ్ళు ఆయన్ని చూశారు. కూతురు కోటు విప్పేసింది. తల్లి ముక్కలు చాప కిందికి తోసి కళ్ళు మూసుకుని జపం మొదలెట్టింది. ఆయన నోరు తెరవకుండానే ఇల్లంతా గప్‌చుప్ అయిపోయింది. ఇన్నేళ్ళుగా అలవాటైన ఆ నిశ్శబ్దం ఆయనకు ఎంతో హాయిగా తగిలింది.

"నాకు పనుంది" అని గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు.

మర్నాడు షోరూముకు వెళ్ళి, "కారు అన్నివిధాలా బాగుంది. ఒకటే లోపం" అన్నారు. లోపం ఏమిటో విని కూడా టై కుర్రవాడు నవ్వలేదు. వాళ్ళ శిక్షణ అంత గొప్పది. పాత కారును తుక్కుకు పంపేముందు మలుపు దగ్గర మోతా, గేరు మార్చే దగ్గూ జాగ్రత్తగా రికార్డు చేశారు. కొత్త కారు బానెట్ కింద ఒక స్పీకరు బిగించారు. దానికి సిబ్బంది తలా కొంత వేసుకున్నారు. ఆ కార్యాలయ చరిత్రలో అడగకుండా చందా పోగైన సందర్భం అదొక్కటే. ఈ పరికరానికి గౌరవధ్వని అని నామకరణం కూడా చేశారు.

ప్రారంభ సభలో పెద్ద గుమాస్తా, ఈసారి రెండు పక్కలా క్షవరంతో, ఉపన్యసించాడు. "సారు పర్యావరణాన్నీ కాపాడారు, పరిపాలననూ కాపాడారు! బ్యాటరీ మీద వస్తూ కూడా డీజిలు మీద వచ్చినట్టే వస్తున్నారంటే ఎంత వినయం!" బెంచీ మీది పెద్దావిడ చప్పుడు వినగానే కిటికీకి పరిగెత్తి, ఆ కాసేపట్లోనే కాగితం తీసుకుని వెళ్ళిపోయింది. ప్రజలు కూడా హర్షించారని చెప్పడానికి ఇంతకన్నా రుజువేం కావాలి? నెల తిరక్కుండా కాలేజీ ప్రిన్సిపాలు ఒకటి బిగించుకున్నారు, పెద్దాసుపత్రి సూపరింటెండెంటు ఒకటి బిగించుకున్నారు. సైకిలుకు కూడా పెడతారా అని ఒక మామగారు వచ్చి అడిగి వెళ్ళారు. ఇప్పుడా షోరూములో కార్లకన్నా చప్పుళ్ళు ఎక్కువ అమ్ముడవుతున్నాయి.

ప్రారంభ సభ జరిగిన సాయంత్రం కొత్త కారు మొదటిసారి ఇంటి వీధి మలుపు తిరిగింది. కిటికీ అద్దాలు వణికాయి. ముక్కలు కలుపుతున్న భార్య చెయ్యి ఆగింది. కాసేపు అలాగే వింటూ కూర్చుంది. తర్వాత ముక్కలన్నీ సర్ది, పెట్టెలో పెట్టి, మూత వేసేసింది. ఆయన లోపలికి వచ్చి, ఎవరూ మాట్లాడని గదిలో నిలబడి "నిశ్శబ్దం!" అన్నారు. ఒంటరిగా భోంచేశారు.

మీకు నవ్వొస్తోంది కదూ. నవ్వండి, తప్పులేదు. మీది అలాంటి కారు కాదు, అసలు మీకు కారే లేకపోవచ్చు. గుమ్మం ముందు ఓసారి దగ్గుతారేమో, చెప్పులు టపటపలాడిస్తారేమో, తాళంచెవులు గలగలమనిపిస్తారేమో. అదేమిటో మీ ఇంట్లోవాళ్ళకు బాగా తెలుసు. ఈవేళ ఇంటికి వెళ్ళేటప్పుడు ఆ చప్పుడు చెయ్యకుండా వెళ్ళి, కిటికీ దగ్గర ఒక్క నిమిషం నిలబడి చూడండి. చూడగలిగితే.