ఫ్రీజర్లో దుప్పి మెడ

శనివారం పొద్దున ఐనార్ లిండ్‌హోమ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య వెర్నా జుట్టు దిద్దించుకోవడానికి పట్నం వెళ్తుంది. ఆమె తిరిగొచ్చేలోగా మోటారు రంపం ఇంజను డొల్లని వంటింటి ఓవెన్లో పెట్టి వేడి చేయాలి. వరండా ఫ్రీజర్లో గడ్డకట్టి ఉన్న క్రాంకు కడ్డీని, అంటే ఇంజను లోపల తిరిగే ఇరుసుని, తెచ్చి అందులో దించాలి. తరవాత ఓవెన్ తుడిచి, కిటికీలు తెరిచి, ఏమీ ఎరగనట్టు పేపరు పట్టుకుని కూర్చోవాలి. వేడికి డొల్ల సాగుతుంది, చలికి కడ్డీ ముడుచుకుంటుంది, సుత్తి తగలకుండానే ఒకదాన్లో ఒకటి జారి కూర్చుంటాయి. పాత మోటారు రంపాలు బాగుచేసేవాళ్ళందరికీ తెలిసిన పద్ధతే ఇది. వాళ్ళ భార్యలందరికీ తెలిసిన వాసనే.

ఐనార్ వయసంతా విల్లాపా కొండల్లో చెట్లు పడగొట్టాడు. రిటైరయ్యాక హాయిగా చేపలు పట్టుకోక, తన నడుం విరగ్గొట్టి చెవులు చెడగొట్టిన ఆ రంపాలనే ఊరూరా వెతికి ఇంటికి తేవడం మొదలుపెట్టాడు. మా వైపు మగవాళ్ళకి ఇది మామూలు జబ్బే. వెర్నాకి ఇంకో జబ్బు. ఆమె బొంతలు కుడుతుంది. షెడ్డులో రంపాలూ, భోజనాల బల్ల మీద గుడ్డలూ పెరిగి పెరిగి, చివరికి మొగుడూ పెళ్ళాం ఒళ్ళో పళ్ళాలు పెట్టుకుని తినే దశకి వచ్చారు.

పోయిన వేసవిలో ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. అతను కొత్తగా రంపం తేకూడదు. ఆమె కొత్తగా గుడ్డ కొనకూడదు. మాట తప్పినవాళ్ళకి షెడ్డు మీద హక్కు పోతుంది.

ఐనార్‌కి అది ఉత్త షెడ్డు కాదు. మనుషుల మాటలు అతనికి సగమే వినపడతాయి. రంపం కూత మాత్రం పూర్తిగా వినపడుతుంది, ఎక్కడ గాలి ఎక్కువైందో ఎక్కడ పెట్రోలు తక్కువైందో ఆ కూతలోనే తెలుస్తుంది. తను ఇంకా పనికొచ్చే మనిషినని అతనికి అనిపించే చోటు అదొక్కటే. అది పోతే అతనికి మిగిలేది టీవీ, అదీ శబ్దం లేకుండా.

అంత ఉండీ మాట తప్పాడు. కుర్రతనంలో తను మోసిన రకం రంపమే, ఆకుపచ్చ రంగుది, గొలుసు తిరిగే బారెడు పట్టాతో ఒక సంతలో కనపడేసరికి కళ్ళు చెమర్చాయి, చెయ్యి జేబులోకి పోయింది. దాన్ని అక్కడే విప్పి, అన్నం డబ్బాలో కొంత, వాన బూట్లలో కొంత పెట్టి, విడతలు విడతలుగా ఇంటికి చేరవేశాడు. విడిభాగం రంపం కాదన్నది అతని వాదన. క్రాంకు కడ్డీని మాంసం పొట్లంలాగే తెల్లటి మైనపు కాగితంలో చుట్టి, పైన ‘దుప్పి మెడ’ అని రాసి ఫ్రీజర్లో అడుగున పెట్టాడు. మెడలో ఉండేదంతా ఎముకే, దాని జోలికి ఎవరూ రారు.

వెర్నా మాత్రం మాట మీదే ఉంది. గుడ్డల దుకాణం ముందు కారు కూడా ఆపడం లేదు. ఆ నిజాయితీ తలుచుకున్నప్పుడల్లా ఐనార్ మనసు చివుక్కుమనేది. రంపం వెనక్కిచ్చేంతగా కాదనుకోండి.

ఆ శనివారం సాయానికి వచ్చిన స్నేహితుడు డ్వైట్ పెల్కీ కూడా అదే జబ్బు మనిషే. డొల్ల ఓవెన్లోకి ఎక్కింది. వంటిల్లంతా పాత ఆయిలు కంపు లేచింది. ఐనార్ వరండాలోకి వెళ్ళి ఫ్రీజరు మూత మీద చెయ్యి వేయబోయి ఆగిపోయాడు. మూత మీద బ్లాక్‌బెర్రీ జామ్ సీసా ఉంది.

“ఒరేయ్ డ్వైట్, ఎవరో పోయార్రా!”

మా ఊళ్ళో ఎవరైనా పోతే చర్చి ఆడవాళ్ళు ఇంటింటి వరండాకీ వచ్చి ఫ్రీజర్లోంచి మాంసం పొట్లాలు పట్టుకెళ్తారు. తలుపు తట్టరు, అడగరు. బదులుగా జామ్ సీసా పెట్టి పోతారు. వచ్చిన బంధువులకి సాయంత్రం ఆ మాంసంతో పులుసు పెడతారు. అందులో ఒక మర్యాద కూడా ఉంది. మంచి ముక్కలు ఇంటివాళ్ళకి వదిలేసి, ఎవరూ ముట్టనివే తీసుకెళ్తారు.

ఐనార్ అడుగుదాకా గాలించాడు. తొడ ఉంది, నడుం ఉంది. మెడ లేదు.

“టోయివో తాత అయ్యుంటాడు. తొంభై దాటాయి కదా, మంచి చావే” అన్నాడు డ్వైట్.

“ఆయన చావు మంచిదేరా, నాదే బాగుండేట్టు లేదు. నేను చర్చికి పోయి వస్తా. నువ్వు ఓవెన్ దగ్గర్నుంచి కదలకు. డొల్ల చల్లారిందా, పనంతా మళ్ళీ మొదటికొస్తుంది.”

“వెర్నా వస్తే?”

“కేకు చేస్తున్నానని చెప్పు.”

“ఈ కంపులోనా?”

“నేను చేసిన కేకు ఇలాగే ఉంటుందనుకుంటుందిలే.”

చర్చి వంటగదిలో ఆగ్నస్ మోలిన్ పెత్తనం సాగుతోంది. ఊళ్ళో పాస్టర్లు మారారు గాని ఆగ్నస్ గరిట మారలేదు. బల్ల మీద తెల్ల పొట్లాలు గుట్టగా ఉన్నాయి. చుట్టూ ఆడవాళ్ళు ఉల్లిపాయలు తరుగుతున్నారు.

“ఆగ్నస్ గారూ, మా ఇంట్లోంచి తెచ్చిన దుప్పి మెడ ఒకసారి ఇస్తారా?”

“ఎందుకయ్యా?”

“వెనక్కి పట్టుకెళ్దామని.”

తరిగే కత్తులన్నీ ఒక్కసారి ఆగాయి.

“చనిపోయినవాళ్ళింటి భోజనానికి తెచ్చింది వెనక్కి పట్టుకుపోతావా ఐనార్? అదీ మెడ!”

“వెర్నాకి మెడంటే ప్రాణమండీ. కావాలంటే తొడ తెచ్చిస్తాను, రెండు తొడలు.”

ఆగ్నస్ అతన్ని జాలిగా చూసింది. ఆమె జాలి పడిందంటే ఎవరికో ప్రమాదమే. “మీ ఇంట్లోంచి కార్జం కూడా తెచ్చాం. అదీ కావాలా?”

“కార్జమా? మీరే ఉంచుకోండి, నాకొద్దు.” ఇంట్లో కార్జం ఉన్నట్టే అతనికి తెలియదు.

అప్పుడే తలుపు తోసుకుని వెర్నా వచ్చింది. జుట్టు సగం చుట్టి ఉంది, సగం విరబోసి ఉంది. మెడచుట్టూ మంగలి గుడ్డ ఇంకా అలాగే వేలాడుతోంది.

“ఆగ్నస్, మా కార్జం ఏదీ? ఐనార్‌కి అది లేకపోతే గడవదు. డాక్టరు రోజూ పెట్టమన్నాడు, రక్తం తక్కువట...” మొగుణ్ణి చూసి ఆగిపోయింది. “ఐనార్! టోయివో తాత పోయాడని విని జుట్టు సగంలో వదిలేసి ఇంటికి పరుగెత్తితే, నువ్వు కేకు చేస్తున్నావని చెప్పాడే డ్వైట్! నన్ను ఓవెన్ దగ్గరికి కూడా రానివ్వలేదు.”

“చేస్తూనే వచ్చాను.”

“మెడతోనా?” అంది ఆగ్నస్.

ఎవరూ నవ్వలేదు. అది ఇంకా ఘోరంగా ఉంది. ఆగ్నస్ మెల్లిగా కత్తి కింద పెట్టి వెర్నా భుజం మీద చెయ్యి వేసింది. “చూడమ్మా, జరుగుబాటు లేకపోతే లేదని చెప్పాలి. ఇందులో సిగ్గేముంది? ఆయనకి రక్తం లేదు. మీరేమో ఇచ్చిన మెడా కార్జమూ మళ్ళీ అడుక్కుంటున్నారు. చర్చి ఉన్నది ఎందుకు?” అంటూనే బుట్ట తీసి చిక్కుళ్ళ డబ్బాలూ, పాలపొడీ సర్దడం మొదలుపెట్టింది. ఒకావిడ పర్సు తీసింది. ఇంకొకావిడ తన పెనిమిటి పాత కోటు ఐనార్‌కి సరిపోతుందేమోనని కళ్ళతోనే కొలిచింది.

వెర్నా పుట్టి బుద్ధెరిగి ఒకరి దగ్గర ఉప్పు బదులు తెచ్చిన మనిషి కాదు. ముఖం కందగడ్డ అయింది. “మాకేం లోటు లేదు! ఆ పొట్లాలు ఇలా ఇవ్వండి చాలు!” అని గుట్ట మీదికి చెయ్యి చాచింది. అదే సమయానికి ఐనార్ కూడా చాచాడు. రెండు చేతుల మధ్య దుప్పి మెడ జారి గచ్చు మీద పడి ఖంగుమని మోగింది.

కాగితం చిరిగి ఉక్కు బయటపడింది. ఆ గదిలో ఉన్న ఆడవాళ్ళందరి మొగుళ్ళూ చెట్లు కొట్టినవాళ్ళే. అదేమిటో ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేకపోయింది.

“ఇది ఏ రంపానిది ఐనార్?” అంది వెర్నా నెమ్మదిగా.

“రంపానిది కాదు. విడిభాగం. విడిభాగం రంపం కాదు.”

“మిగతా విడిభాగాలు ఎక్కడున్నాయి?”

“కేకు ఓవెన్లో ఉంది” అన్నాడు ఐనార్. ఇంక దాచి లాభం లేదనిపించింది. “తప్పు నాదే వెర్నా. నువ్వు మాట మీద నిలబడ్డావు, నేను నిలబడలేకపోయాను. షెడ్డు నీదే. సోమవారానికల్లా ఖాళీ చేస్తా.”

వెర్నా గెలిచినదానిలా కనపడలేదు. కళ్ళు బల్ల మీదే ఉన్నాయి.

“పోనీలే, కనీసం కార్జమైనా ఉడకేద్దాం” అని ఆగ్నస్ ఆ పొట్లం చించింది. అందులోంచి ఎర్ర గళ్ళ ఉన్ని గుడ్డ, దాని కింద నీలంది, దాని కింద ఇంకా ధర చీటీ కూడా తీయని పసుపుది, మడతలు మడతలుగా జారి ఉల్లిపాయల మీద పరుచుకున్నాయి.

“ఉన్నికి చిమ్మట పట్టకుండా... ఫ్రీజర్లో పెడతారు” అంది వెర్నా నేల చూపులు చూస్తూ.

“అది కొత్త గుడ్డ కదూ?” అన్నాడు ఐనార్.

“కత్తిరించని గుడ్డ బొంత కాదు.”

ఒప్పందంలో అలా లేదని అతనికి తెలుసు. తన వాదన కూడా అలాంటిదేనని అంతకంటే బాగా తెలుసు. అతనికి నవ్వు ఆగలేదు. ఒక్క క్షణం బిగబట్టి వెర్నా కూడా పకపకా నవ్వేసింది. కొన్ని నెలలుగా ఒకరి నిజాయితీకి ఒకరు భయపడి చచ్చారు మరి. ఆగ్నస్ ఒక్కతే గంభీరంగా కత్తి అందుకుని, “సరే, మిగతావి విప్పుదాం” అంది.

“మా పొట్లం నేనే విప్పుకుంటాలే” అంటూ ఒకావిడ చటుక్కున లేచింది. “మాది కూడా వద్దు, మాంసం కాస్త వాసనేసింది” అంది ఇంకొకావిడ. కోటు కొలిచినావిడ తన పొట్లం చంకలో పెట్టుకునేసరికి లోపల ఏదో గాజు చప్పుడైంది. చూస్తుండగానే గుట్ట కరిగిపోయింది. చివరి పొట్లం దగ్గర కొంచెం తటపటాయించి, దాన్ని ఆగ్నసే తన సంచిలో వేసుకుంది.

ఐనార్, వెర్నా కడ్డీ పట్టుకుని ఇంటికి పరుగెత్తారు. డొల్ల ఇంకా వేడిగానే ఉంది, కడ్డీ మీద ఇంకా మంచు ఉంది. వంటింటి చేతి తొడుగులతో వెర్నా డొల్లని పట్టుకుంది. ఐనార్ కడ్డీ దించాడు. అది చప్పుడు లేకుండా జారి తన చోట్లో కూర్చుంది. ‘ఎంత చక్కగా పట్టిందో’ అని వెర్నా అన్న మాట ఐనార్‌కి పూర్తిగా వినపడింది. షెడ్డు మీద హక్కు ఇద్దరికీ పోయింది కనక ఇద్దరూ కలిసి ఆక్రమించడమే న్యాయమని తీర్మానించుకున్నారు.

ఆ సాయంత్రం టోయివో తాత బలగానికి ఉల్లిపాయలూ బంగాళాదుంపలూ వేసిన పులుసు పెట్టారు. పాస్టరు గారు గరిటతో అడుగుదాకా కలిపి చూసి, ఈ ఏడు అడవిలో దుప్పులు బొత్తిగా తగ్గిపోయినట్టున్నాయని, ఆదివారం వాటి కోసం ప్రత్యేకంగా ప్రార్థన చేయించారు.