మడమ కింద ఐదు ముక్కలు

ఆదివారం పొద్దున భార్య వేడినీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్ళగానే, పోస్ట్‌మ్యాన్ సుడిగాలి తన బూటుకు తనే కన్నం వేశాడు. మంచం పక్కనున్న, దెబ్బతిన్న కాలికి డాక్టరిచ్చిన ఆ పెద్ద బూటులో అడుగు అట్ట లేపి, మడమ కింద పేర్చిన ఐదు రబ్బరు ముక్కల్లో పైదాన్ని లాగి, దిండు గలీబులో దాచేశాడు.

సుడిగాలి అన్నది వీధివాళ్ళు పెట్టిన పేరు. ఇరవై ఆరేళ్ళుగా అవే వీధులు నడుస్తున్నాడు. ఆయన వేగం చూసి కుక్కలు కూడా వెంటపడటం మానేశాయి.

అంతటి మనిషి మంచాన పడింది నడిచి కాదు, పరుగెత్తి. "గేటు దాకా పందెం వేద్దామా బావా?" అన్నాడు బావమరిది. భోంచేసిన కడుపు, యాభై దాటిన వయసు. ఒళ్ళు వేడెక్కించుకోవడం, కాళ్ళు సాగదీయడం లాంటివి పిల్లల పనులనుకుని లంఘించాడు. పదో అడుగులో మడమ పైన టప్పుమంది. కిందపడి వెనక్కి తిరిగి, "ఓడిపోతానని వెనకనుంచి తంతావేంట్రా!" అని అరిచాడు.

బావమరిది అప్పటికింకా మెట్ల దగ్గర చెప్పులు విడుస్తున్నాడు.

"ఎవరూ తన్నలేదు," అన్నాడు డాక్టరు. "పిక్కను మడమకు కట్టి ఉంచే తాడు తెగింది. తెగినప్పుడు ఎవరో తన్నినట్టే ఉంటుంది. కొసలు దగ్గరగానే ఉన్నాయి, ఆపరేషన్ అక్కర్లేదు. ఈ బూటులో మడమ ఎత్తులో ఉంచితే అతుక్కుంటుంది. రెండు వారాలకొక ముక్క తీయండి. తొందరపడితే అతికింది సాగిపోతుంది. ఆ తర్వాత మునివేళ్ళ మీద లేవలేరు, జన్మంతా కాలీడ్చాలి."

ఐదు ముక్కలంటే పది వారాలు. ఆఫీసరు పంపిన కాగితంలో ఉన్నవి ఆరే. ఆరు వారాల్లో డాక్టరు సర్టిఫికెట్ రాకపోతే ఆయన వీధులు ఇంకొకరికి ఇస్తారు. మళ్ళీ ఎక్కడైనా ఖాళీ వచ్చేదాకా ఉత్తరాలు వేరుచేసే గదిలో కుర్చీ. ఆ కుర్చీ తలుచుకుంటేనే సుడిగాలికి గుండె జారిపోయేది. అందుకే వారానికొక ముక్క అని తనకు తనే వైద్యం రాసుకున్నాడు.

భార్య చెప్పుల కార్ఖానాలో అడుగులు కోసే పని చేస్తుంది. పళ్ళెంలో నీళ్ళు తెచ్చి ఆయన పాదం తుడిచింది. తర్వాత బూటు చేతిలోకి తీసుకుని ఒక్క క్షణం ఆగింది.

"దుమ్ము పట్టింది. తుడిచి తెస్తాను," అంది.

"ఇంట్లో ఉన్న బూటుకి దుమ్మెక్కడిది?"

"మీరు ఇంట్లోనే ఉన్నారు, మీకు పట్టలేదూ?"

వంటింట్లో చాలాసేపు పట్టింది. తిరిగొచ్చి తొడిగింది. సుడిగాలి లేచి చేతికర్రల మీద నాలుగడుగులు వేసి చూసుకున్నాడు. ఒక ముక్క పోయినా మడమకు తేడానే తెలియలేదు. తన ఒళ్ళే వేరని నిర్ధారణ అయిపోయింది.

రెండో ఆదివారం రెండోది, మూడో ఆదివారం మూడోది గలీబులోకి వెళ్ళాయి. భార్యకు బూటు తుడిచే పిచ్చి మాత్రం పట్టుకుంది.

"బావా, ఏం మందు వాడుతున్నావ్?" అని ఫోన్లో అడిగాడు బావమరిది.

"మందుల్లేవురా. రక్తంలో ఉండాలి."

ఐదో ముక్క కూడా తీసిన మర్నాడు ఆఫీసరుకి ఫోన్ చేసి వచ్చే వారం వస్తున్నానన్నాడు. కొత్త చెప్పులు తెప్పించుకున్నాడు. భార్యను వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి విజయయాత్రలా బయల్దేరాడు.

"మీరు పది వారాలన్నారు, నేను ఐదులో ముగించాను," అంటూ గలీబు విదిలించి ఐదు ముక్కలూ బల్లమీద పోశాడు. "సంతకం పెట్టండి."

డాక్టరు మొహంలో రంగు మారింది. బూటు విప్పి, లోపల చెయ్యి పెట్టి, అడుగు అట్ట బయటకు లాగాడు. దాని కింద మడమ భాగంలో నల్లటి రబ్బరు పొరలు, ముందువైపుకు పలచనవుతూ, బూటు అడుగే అనిపించేంత నున్నగా చెక్కి అతికించి ఉన్నాయి. డాక్టరు స్కేలు పెట్టి కొలిచాడు.

"సరిగ్గా మూడు ముక్కల ఎత్తు. ఈ వారానికి ఉండాల్సింది ఇంతే. ఎవరు కోశారివి?"

సుడిగాలి భార్యకేసి చూశాడు. ఆవిడ గోడకేసి చూస్తోంది.

"మొదటి రోజు ఇంట్లో ఏమీ లేక నా చెప్పు అడుగు కోశాను," అంది. "తర్వాత కార్ఖానా నుంచి తెచ్చాను. మీరు పైనుంచి ఒకటి తీస్తే నేను అడుగున ఒకటి వేశాను. రెండు వారాలకోసారి నేనే ఒకటి తగ్గించాను."

"నాకు చెప్పొచ్చుగా?"

"చెప్తే వింటారా? విన్న రోజు ఒక్కటి చెప్పండి. కాలీడ్చేవాళ్ళ చెప్పులు మా దగ్గరికి బాగుకొస్తాయి. ఒకటి కొత్తదానిలా ఉంటుంది, రెండోది చిల్లు పడి ఉంటుంది. మీ చెప్పులు అలా నా చేతికి రాకూడదనుకున్నాను. భయమేసింది."

డాక్టరు ఆయన్ని బోర్లా పడుకోబెట్టి, పాదాలు మంచం అంచు దాటి వేలాడేలా జరిపి, "తాడు అతికి ఉంటే పిక్క నొక్కగానే పాదం కదలాలి," అంటూ దెబ్బతిన్న కాలి పిక్కను నొక్కాడు.

"కదిలిందా?" సుడిగాలి దిండులో మొహం దాచుకునే అడిగాడు. ఐదు వారాల్లో మొదటిసారి ఆయనకు నిజంగా భయం వేసింది.

"కదిలింది," అంది భార్య. "పాదం కిందికి వంగింది. మీకు కనిపించదు, నేను చూశాను."

"తాడు పట్టుకుంది," అన్నాడు డాక్టరు. "మీరు అనుకున్నట్టే జరిగి ఉంటే పట్టుకునేది కాదు. బూటు తీసేశాక మడమలు లేపే కసరత్తు నెలల తరబడి చేయాలి. ఆ తర్వాత కూడా ఒళ్ళు వేడెక్కకుండా పరుగెత్తకూడదు. సర్టిఫికెట్ ఇప్పుడు లేదు."

ఇంటికొచ్చాక సుడిగాలి కిటికీ దగ్గర కూర్చున్నాడు. తన వీధులు పోయాయి. ఆ దుఃఖం దాచుకోలేదు, భార్య ముందే కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత తెల్లకాగితం తీసుకుని ఆఫీసరుకి రాశాడు: తమరు చెప్పిన కుర్చీలో కూర్చోడానికి నాకు సమ్మతమే.

ఆవిడ చదివింది. "కొన్నాళ్ళు అని చేర్చండి."

చేర్చాడు. "ఎన్నాళ్ళని రాయను? ఎన్ని వారాలుంటుందీ కసరత్తు? డాక్టరు నీతో విడిగా ఏదో అన్నాడుగా."

"అన్నాడు."

"ఎన్ని?"

"మీకు చెప్పను," అంది ఆవిడ, కాగితం మడిచి కవర్లో పెడుతూ. "చెప్తే సగంలో ముగిస్తారు."