వెంకటాచలం గారి లైన్ క్లియర్

పదింటికల్లా బయల్దేరాలనుకున్నారు. ఇంగ్లండులో తాముండే షెఫీల్డ్ నుంచి హేషమ్ రేవుకి మూడు గంటల దారి. అక్కడ రెండుంపావుకి ఐల్ ఆఫ్ మాన్ దీవికి వెళ్ళే ఓడ. ఆసుపత్రిలో డ్యూటీల రోటా వేసేవాళ్ళని పద్నాలుగు నెలలు బతిమాలగా డాక్టర్ గిరిజకి దొరికిన సెలవు ఐదు రోజులు. ఆమె ఎనిమిదింటికే సామానంతా, పడకా వంటిల్లూ ఉండే మోటార్‌హోమ్‌లో సర్దేసింది.

భర్త విద్యాసాగర్‌కి ఒక్క పని మిగిలింది. పాత మోటార్‌హోమ్ కొన్న మోజులో సీబీ రేడియో కూడా తెప్పించాడు. లారీ డ్రైవర్లు దారిలో మైకు పట్టుకుని మాట్లాడుకునే రకం. దానికి డాష్‌బోర్డు వెనకనుంచి కరెంటు ఇవ్వాలి.

"ఎర్ర వైరు సిగరెట్ లైటర్ వెనకాల, నల్ల వైరు బాడీకి. పది నిమిషాలు," అన్నాడు.

"ఎల్.సి. తీసుకున్నారా అల్లుడుగారూ?" అన్నారు మామగారు వెంకటాచలం, కాఫీ కప్పు దించుతూ.

ఆయన అమలాపురం వైపు కరెంటు డిపార్టుమెంటులో ముప్ఫైమూడేళ్ళు లైన్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయిన మనిషి. ఎల్.సి. అంటే లైన్ క్లియర్. పని మొదలయ్యేముందు కరెంటు తీయించాలి. పనిచేసినవాడే వచ్చి "పనైపోయింది, మనుషులు దిగిపోయారు" అని చెప్పేదాకా బ్రహ్మదేవుడొచ్చినా మళ్ళీ వేయనివ్వకూడదు. ఆ మాట వినకుండా ఎక్కిన ఇద్దరిని స్తంభం మీంచి దింపిన చేతులాయనవి.

"పన్నెండు ఓల్టులే మావయ్యగారూ. చీమ కుట్టినట్టు కూడా ఉండదు."

వెంకటాచలం వాదించలేదు. చదువుకున్నవాళ్ళతో వాదించే వయసు దాటిపోయింది. అల్లుడు డాష్‌బోర్డు కింద తల దూర్చగానే వెళ్ళి బానెట్ ఎత్తి, బ్యాటరీ నల్ల తీగ ఊడదీసి, దానికి తన ఎర్ర తువ్వాలు కట్టి, బానెట్ దించారు. ఎదురుగా మడతకుర్చీ వేసుకుని కూర్చున్నారు. పనయ్యాక అల్లుడొచ్చి చెప్తాడు, తను తీగ తగిలించాలి. ముప్ఫైమూడేళ్ళూ అలాగే జరిగింది.

లోపల విద్యాసాగర్ వైర్లు కలిపి తాళం తిప్పాడు. రేడియో వెలగలేదు. గడియారమూ వెలగలేదు. హారన్ నొక్కితే అదీ పలకలేదు. ఫ్యూజులన్నీ పీకి, తుడిచి, మళ్ళీ పెట్టాడు. బండి మొత్తం తగలెట్టేశానని అతనికి రూఢి అయిపోయింది. కరెంటు డిపార్టుమెంటు మామగారు పదడుగుల దూరంలో కూర్చుని ఉండగా ఆ మాట పైకి ఎలా అంటాడు?

"ఎంతదాకా వచ్చింది?" అని కుర్చీలోంచి కేక.

"వస్తోందండీ!"

పదిన్నరకి గిరిజ వచ్చింది. "ఏమండీ, ఓడ మనకోసం ఆగదు."

"ఒక్క స్క్రూ అంతే." అప్పటికి సగం డాష్‌బోర్డు ఆమె కూర్చోవలసిన సీట్లో ఉంది.

విద్యాసాగర్ గుట్టుగా మెసేజ్ పెడితే పక్కింటి కీత్ తన కారు బ్యాటరీనుంచి కరెంటిద్దామని జంప్ లీడ్స్ తీగలు పట్టుకొచ్చాడు. వెంకటాచలం లేచి బానెట్ మీద రెండు చేతులూ ఆనించారు. "నో! మ్యాన్ ఇన్‌సైడ్!"

కీత్ లోపలికి తొంగిచూశాడు. మనిషి ఉన్నమాట నిజమే. వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

ఇక లాభంలేదని గిరిజ ఫోన్ చేస్తే పదకొండింటికి బ్రేక్‌డౌన్ మెకానిక్ వచ్చింది. ఆవిడనీ ఆయన ఆపేశారు. "ఫస్ట్ హి కమ్. హి టెల్. దెన్ ఓపెన్."

"నాన్నా, తప్పుకో! బండి పాడైపోయి మేమేడుస్తుంటే," అంది గిరిజ.

"పాడవడమేమిటే? శుభ్రంగా ఉంది. కరెంటు తీసింది నేనే."

డాష్‌బోర్డు కిందనుంచి విద్యాసాగర్ తల బయటికొచ్చింది. "మీరా? మరి చెప్పలేదేమండీ?"

"మీరు చెప్పారా, పనైపోయిందని? నేనడిగితే వస్తోందన్నారు. కానిపనికి కరెంటెలా ఇస్తాను?"

"నీ రూలు పుణ్యమా అని నా సెలవు గంగలో కలిసింది నాన్నా," అంది గిరిజ. ఆయన కుర్చీ మడవడం మొదలుపెట్టారు.

ఈలోగా మెకానిక్ ఎర్ర వైరు వెంట టార్చి వేసుకుంటూ పోయింది. లైటర్ వైరనుకుని విద్యాసాగర్ దాన్ని ఫ్యూజుకి ముందుండే లావు వైరుకి కలిపాడు. మధ్యలో తోలు ఊడి, ఇనప పట్టీకి ఆనుకుని ఉంది. బ్యాటరీ తీగ ఊడదీసిందెవరని అడిగింది. గిరిజ తండ్రిని చూపించింది.

"ఆయన తీయకపోతే, తాళం తిప్పకముందే డాష్‌బోర్డు అంటుకునేది. ఆయనకి టీ ఇవ్వండి," అని చెప్పి, వైరు మార్చి, ఫ్యూజు వేసి వెళ్ళిపోయింది.

విద్యాసాగర్ బానెట్ ముందుకొచ్చి నిలబడ్డాడు. "పనైపోయిందండి. మనుషులు దిగిపోయారు." వెంకటాచలం తువ్వాలు విప్పారు. రేడియో వెలిగింది.

హేషమ్ చేరేసరికి మూడు కావస్తోంది. ఓడ వెనకభాగం మాత్రం కనిపించింది. మళ్ళీ ఓడ మర్నాడే. కార్ పార్కులో వాన చూస్తూ ముగ్గురూ కూర్చున్నారు. విద్యాసాగర్ మైకు తీసి నాలుగుసార్లు హలో అన్నాడు. బుస్సుమనడం తప్ప జవాబు లేదు.

"లారీవాళ్ళు కూడా ఇప్పుడు ఫోన్లేగా వాడేది," అంది గిరిజ. "దీంట్లో ఎవరితో మాట్లాడదామనండీ?"

విద్యాసాగర్ మైకు తిరిగి కొక్కేనికి తగిలించాడు.

ఆ ప్రశ్నేదో పొద్దున ఎనిమిదింటికి ఎవరైనా అడిగి ఉంటే ఓడ అందేది.