రాగుల స్టాక్ అప్

రొద్దం దగ్గరి పల్లెలో పాపన్న ఆ ఉదయం రెండే పనులు పెట్టుకున్నాడు. పెనుకొండలో కత్తెర్లకు సాన పట్టించాలి, హిందూపురంలో ఒక మూట రాగులు కొనాలి. మర్నాడు అతని గొర్రెలకు బొచ్చు కత్తిరింపు. తోటి కాపరులు పన్నెండు మంది వస్తారు. కూలి ముట్టరు, కడుపునిండా రాగి సంగటి పెట్టాలి. అది లేదంటే కత్తెర కింద పడేసి లేచిపోతారు. మళ్లీ అతని మంద వైపు తిరిగి చూడరు.

గడప దాటుతుంటే కూతురు హేమావతి ఇంగ్లీషు పాఠం బట్టీ పడుతోంది.

"స్టాక్ అప్ అంటే ఏందమ్మా?"

"అవసరం రాకముందే ఎక్కువెక్కువ తెచ్చి పెట్టుకునేది నాయనా. వస్తువు పేరుకు ముందర 'ఆన్' పెట్టల్ల. స్టాక్ అప్ ఆన్ రాగులు."

పాపన్న నోటికి ఆ మాట బెల్లం ముక్కయింది. టీ అంగడి దగ్గర తోటి కాపరి నాగేష్ "యాడికి పోతాండావన్నా?" అనగానే ఛాతీ విరిచాడు.

"స్టాక్ అప్ ఆన్ రాగులు! అంటే ముందే తెచ్చి దాచిపెట్టుకునేది!"

బండి మలుపు తిరిగిందో లేదో నాగేష్ ఫోన్ అందుకున్నాడు. "పాపన్న ఇంగ్లీషులో చెప్పినాడంటే అది గవర్నమెంటు మాటేబ్బా! రాగులకు కరువొస్తాది!"

కత్తెర్లకు సాన పూర్తయ్యేలోగా ఆ కబురు గుడిబండ దాటి అగళి చేరింది. ఆటోలు, ట్రాక్టర్లు, చివరికి ఒక పెళ్లి బస్సు కూడా హిందూపురానికి మళ్లాయి. తిరిగొచ్చేటప్పుడు పెళ్లికొడుకు ఒడిలో రెండు మూటలున్నాయి.

పాపన్న హిందూపురం వెళ్లేసరికి రాగుల వ్యాపారి వెంకటేశులు ఖాళీ అంగడి ఊడుస్తున్నాడు.

"గింజ లేదప్పా. ఎవరో రొద్దం ఆయప్పకు కరువు సంగతి ముందే తెలిసిందంట."

"ఎవడబ్బా వాడు? నా కొంప ముంచినాడే!"

ఇంట్లో భార్య చౌడక్క నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "ఉత్త చేతులతో వస్తివా? రేపు పన్నెండు మందికి ఏం వడ్డించల్ల, కత్తెర్లా?"

తెల్లారింది. పన్నెండు మందీ వచ్చారు. అందరి నెత్తిన మూటలే! నాగేష్ ముందుకొచ్చి తన మూట దించాడు.

"పొద్దున్నే హిందూపురంలో లారీలకు లారీలు రాగులు దిగినాయంటన్నా, కరువేం లేదంట. మేం చూస్తే తొందరపడి అంతా పిండి ఆడించేసినాం. చేదెక్కకముందే నువ్వే వండించు. ఇండ్లలో ఇంకా ఉండాది, తెస్తాం."

"కరువని మీకెవరు చెప్పినారబ్బా?" అంది చౌడక్క.

పన్నెండు వేళ్లు పాపన్న వైపు తిరిగాయి. పాపన్న గబగబా పొయ్యి రాజేయబోయాడు.

మధ్యాహ్నానికి గొర్రెలు తేలికపడ్డాయి. ఇంట్లో మాత్రం రాగిపిండి మూటలతో కాలు పెట్టడానికి చోటు లేదు.