నిచ్చెన ఉండాల్సిన గడి

"ఇవాళ్టి ఆటకి హోస్టుని నేనే, అత్తయ్యగారూ," అని ఆదివారం పొద్దున్నే ప్రకటించాడు అల్లుడు.

"ఘోస్టా? పొద్దున్నే అవేం మాటలు బాబూ," అన్నారు అత్తగారు తన గదిలోంచి.

"హోస్టండీ. ఎవరి ఫోన్లో వాళ్ళు ఆడుకుంటుంటే వెనకనుంచి నడిపేవాణ్ణి."

"కనబడకుండా నడిపేవాడైతే రెండూ ఒకటేగా," అంటూ ఆవిడ తలుపు దగ్గరగా వేసుకున్నారు.

పోయినేడు పోయిన మామగారు ప్రతి ఆదివారం ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి పాములూ నిచ్చెనలూ ఆడించేవారు. వేరే ఊళ్ళో ఉన్న బావమరిది కూడా కలిసేలా అల్లుడు ఆ ఆటను కంప్యూటర్లో అల్లాడు. పైకి చెప్పిన కారణం అది. అసలు కారణం అలమర వెనక దాక్కుని ఉంది. మామగారి పాత ఆట పటం ముడతలు సాపు చెయ్యబోయి, ఇస్త్రీపెట్టె దానిమీదే వదిలి ఫోనెత్తాడు. తిరిగి చూసేసరికి పటం మధ్యలో మూడు మూలల చిల్లు. ఒక పాము, ఒక నిచ్చెన బూడిదైపోయాయి. మిగిలిన బొమ్మని కంప్యూటర్లోకి ఎక్కించి, కాలిన మేరకు ఖాళీ గళ్ళు గీసి నింపేసి, ఇక ఆ పటంతో ఎవరికీ పని పడదని ధైర్యం తెచ్చుకున్నాడు. అత్తగారికి తెలిసిందా, ఆ ఇంట్లో అతని పరువు సరాసరి పాము నోట్లోకే.

ఆట మొదలైంది. వంటింట్లోంచి భార్యది ఆకుపచ్చ కాయ, గదిలోంచి అత్తగారిది ఎరుపు, తన ఊళ్ళోంచి బావమరిదిది నీలం, అల్లుడిది తెలుపు. ఉన్నట్టుండి పసుపుపచ్చ కాయ ఒకటి వచ్చి మొదటి గడిలో నిలబడింది. దానికింద మామగారి ఫోటో, కళ్ళజోడుతో సహా.

"బావా, నాన్నని కూడా పెట్టావా?" ఫోన్లో బావమరిది గొంతు సన్నబడింది.

"నేను పెట్టలేదు."

"మరి ఆడుతున్నదెవరు?"

పాచిక దొర్లింది. పసుపుపచ్చ కాయ నింపాదిగా నడిచింది, అచ్చం ఆయనలాగే. వంటింట్లో పంపు చుక్కచుక్కగా కారడం వినిపిస్తోంది. నాలుగైదు వంతులయ్యాక ఆ కాయ సరిగ్గా ఇస్త్రీపెట్టె కాల్చిన చోటికి వచ్చి ఆగింది. తెరమీద మాటలు పడ్డాయి: "ఇక్కడ నిచ్చెన ఉండాలి కదా."

ఆట అల్లిన అల్లుడు అల్లాడిపోయాడు. బయటి పోకిరీలెవరో చొరబడ్డారనుకుని, లేచి ఇంటర్నెట్ వైరు పీకేశాడు. ఇక ఇంట్లో ఉన్న ఫోన్లు తప్ప మరేవీ ఆటలో ఉండలేవు. నీలం కాయ మాయమైంది. పసుపుపచ్చది అక్కడే ఉంది.

"ఏమండీ," భార్య గరిటెతో సహా వచ్చి గుమ్మంలో నిలబడింది. "అంటే, అది ఇంట్లోనే ఉందా?"

తెరమీద మళ్ళీ పడింది: "నిచ్చెన ఏమైంది?"

అల్లుడు టైపు చేశాడు: "మామయ్యగారూ, క్షమించండి. పటం కాల్చింది నేనే. అలమర వెనక దాచాను. అత్తయ్యగారికి మాత్రం చెప్పకండి."

అత్తగారి గది తలుపు కిర్రుమంది. ఆవిడ ఒక చేతిలో తన ఫోను, రెండో చేతిలో మామగారి ఫోను.

అల్లుడు వైరు మళ్ళీ గుచ్చాడు. బావమరిది కూడా వినేలా ఆవిడే విడమరిచి చెప్పారు. "ఆటకి పిలుపు మన గ్రూపులో పెట్టావు కదా బాబూ. ఆయన నంబరు అందులోంచి తియ్యడానికి ఎవరికీ చేతులు రాలేదు. ఫోను నేను రోజూ ఛార్జింగు పెడుతూనే ఉన్నాను. ఆయనకీ వచ్చింది పిలుపు. అల్లుడు పిలిచాక రాకపోతే బాగుండదని, ఆయన వంతు కూడా నేనే వేస్తున్నాను."

అల్లుడు తల గోక్కున్నాడు. "పటం సంగతి... మామయ్యగారు ఏమనుకునేవారో."

"ఆయనేమీ అనుకోరు," అంటూ ఆవిడ అలమర వైపు నడిచారు. "అనుకునేదాన్ని నేను."